పొదుపులో వాటా: పెనుకొండ సీమలో ఇంధనమును గూర్చిన రాజప్రోత్సాహములు

ఇంధనపు పొదుపు అనగానే అది నిన్న మొన్న పుట్టిన మాట యని మనకు దోచును. విద్యుచ్ఛక్తియు, పెట్రోలును, బొగ్గును వచ్చిన తరువాతనే కదా వాని కొఱతయు వచ్చినది అని యనుకొందుము. కాని తక్కువ బలముతో నెక్కువ పని చేయించుకొనుటయు, అట్లు చేయించుకొన్నవానికి ఏలినవారు ఏదో యొక లాభము చూపుటయు చాల ప్రాతకాలము నుండి యున్న పద్ధతులే. పెనుకొండ సీమలో ఈ కథ శాసనములతో నారంభమై, హిందూపురపు పట్టుగూళ్ళ పొయ్యిల వఱకు వచ్చినది. ఈ కథ వినునపుడు శ్రోతలు ఒక ప్రశ్నను మనసునం దుంచుకొనవలెనని నా కోరిక. ప్రభుత్వము పరిశ్రమ చేయువానికి సొమ్మిచ్చునపుడు దేనికిచ్చుచున్నది? పనిముట్టు కొనుటకా? ఖర్చులో కొంత తాను మోయుటకా? లేక నిజముగ మిగిల్చిన పొదుపునకా? ఈ మూడును పైకి ఒక్క తీరుగనే కానవచ్చును. ఫలితములు మాత్రము వేఱు.

విజయనగర రాజ్యమున రెండవ హరిహరరాయలు ఏలుచున్న కాలమున ఆయన కుమారుడు ప్రతాప బుక్కరాయలు పెనుకొండలో నుండెను. 1388వ సంవత్సరపు శాసన మొకటి గౌరీబిదనూరు ప్రాంతమున దొరికినది. ప్రజలకు నీరే ప్రాణము గనుక పెన్నేటిని పెనుకొండకు తీసికొని రావలసినదని బుక్కరాయలు సింగయభట్టను జలసూత్ర నిపుణునకు ఆజ్ఞ యిచ్చెననియు, ఆ సింగయభట్టు కల్లుడి కడనుండి శిరువెర చెఱువు వఱకు కాలువ త్రవ్వించి, దానికి తన ప్రభువు పేరే పెట్టెననియు అందు గలదు. మన దేశమున నదినీటిని కట్టడములతో మళ్ళించిన రాజులు పెక్కుమంది కలరు. కాని పని చేసిన ఇంజనీరు పేరు చెప్పిన శాసనములు తక్కువ. అందుచేత నాకు సింగయభట్టు పేరు చెప్పవలెనని యెప్పుడును కుతూహలముగ నుండును.

దీనిలో ఇంధనపు పొదుపు ఎక్కడనున్నదని మీరడుగవచ్చును. ఆ కాలమున ఇంధనమనగా కొట్టములోని యెద్దు, మనిషి భుజము. బావినుండి నీరు తోడవలెనన్న కపిల కట్టవలెను. కపిలకు రెండెద్దులు, వానిని వెనుకకు ముందునకు నడుపు మనిషి, ఆ యెద్దులకు వలసిన జొన్నచొప్ప, ఆ చొప్ప పండు భూమి, ఇంతయు గావలెను. కాలువ నీరు పల్లమునకు తనంత తానే పాఱును. సింగయభట్టు వాలు చూచి గీచిన ఒక గీత ఎన్ని జతల యెద్దుల పనిని తప్పించెనో లెక్క కట్టుట నేడు సాధ్యము గాదు కాని, ఆ పని జరిగినదనుట స్పష్టము. నేటి ఏర్పాటుతో పోల్చి చూడుడు. పెనుకొండ దగ్గఱి గొల్లపల్లి జలాశయమునకు 2016లో కృష్ణాజలములు వచ్చినవి. హంద్రీ–నీవా పథకము క్రింద శ్రీశైలము జలాశయపు నీటిని మాల్యాల వద్ద పంపులతో నెత్తి, అక్కడనుండి మెట్టు మెట్టుగ పైకి తోడి తెచ్చుచున్నారు. కరవు సీమకు ఆ నీరు వరమే. అది వలదనువాడు ఈ సీమవాడు గాడు. కాని ప్రతి మెట్టు దగ్గఱను కరెంటు మీటరు తిరుగుచున్నది.

కాలువ రాజాజ్ఞ వలన వచ్చినది. చెఱువులన్నియు అట్లు రాలేదు. రాజు ఖజానాలో ప్రతి గ్రామపు చెఱువునకు సొమ్ముండదు. అందుచేత విజయనగర కాలమునను, అంతకు పూర్వమునను, రాయలసీమలో దశబంధమను నొక పద్ధతి నడిచెను. ఒక సంపన్నుడు తన సొమ్ముతో చెఱువు కట్టించినను, తెగిన కట్ట పూడ్పించినను, ఆ చెఱువు క్రింద సాగగు భూమిలో పదింట నొక పాలు పన్ను లేకుండగనో, అల్పమైన పన్నుతోనో అతనికిని అతని సంతతికిని ఇచ్చెడివారు. పేరు పదింట నొకటి యను నర్థమిచ్చుచున్నను, పాలు అన్నిచోట్లను ఒక్కటిగ లేదు. ఇందు రెండు తెఱగులు గలవు. భూమినే విడదీసి యిచ్చినచో ఖండ దశబంధము. భూమి ఇవ్వక రాబడిలో భాగమిచ్చినచో శామిలాతు దశబంధము. రెంటికిని ఒకే షరతు: కట్టను బాగుగ నుంచవలెను.

ఈ యేర్పాటులోని యుక్తిని గమనింపుడు. రాజు ముందుగా ఒక రూకయైన ఇవ్వలేదు. చెఱువు నిండి, పొలము పండిన తరువాతనే కట్టినవానికి వాటా వచ్చును. కట్ట తెగినయెడల వాటాయు తెగును. కనుక కట్టించినవాడు కట్టించి యూరకుండుటకు వీలులేదు. ఏటేట తూము చూడవలెను, గండి పూడ్పవలెను. రాజునకును నష్టము లేదు. లేని పంటలో పదింట నొకటి వదలుకొనుట నష్టమెట్లగును? దశబంధము శక్తిపొదుపునకై పుట్టినదని నేననను. అది నీటికొఱకు పుట్టినది. కాని పొదుపునకు బహుమానమెట్లుండవలెనో చెప్పుటకు ఇంతకంటె తేటయైన యుదాహరణము మన సీమలో నాకు కనబడలేదు.

కంపెనీవారి కాలమున ఈ మాన్యములు చిక్కుబడినవి. 1858లో మద్రాసు రాజధానిలో ఇనాము కమిషను ఏర్పడి, ఏ మాన్యము ఎవరికెందుల కిచ్చిరో విచారింప మొదలిడెను. దశబంధ మాన్యములను సేవాషరతు గలవిగా నెంచిరి. కాగితముపై షరతు నిలిచినది. కాని చెఱువు చూచు అధికారము క్రమముగ గ్రామమును విడిచి సర్కారు శాఖల చేతికి పోయెను. భూమి అనుభవించువాడు ఒకడు, కట్టకు జవాబుదారి వేఱొకడు అయిరి. ఆ మీదట ఏమి జరుగునో చెప్పనవసరము లేదు.

ఇట్టి యుక్తియే, మన దశబంధమను మాటను విననైన వినకుండ, ఇంగ్లండులో ఒక వ్యాపార సంస్థకు తట్టినది. పరిశ్రమలో ఇంధనమును ఆదా చేసినవానికి రాజ్యము అండ నిలిచిన ప్రసిద్ధమైన కథ యది గనుక కొంత వివరముగ జెప్పెదను. కార్నువాలు సీమలో రాగి, తగరపు గనులు గలవు. గనులలో నీరూరును, దానిని తోడి పోయుటకు న్యూకామెను ఆవిరియంత్రము లుండెను. ఆ యంత్రము బొగ్గును విపరీతముగ తినెడిది. కార్నువాలులో బొగ్గు లేదు; వేల్సు నుండి ఓడలమీద రావలెను. జేమ్సు వాట్ 1769లో, ఆవిరిని వేఱొక పాత్రలో చల్లార్చు ఉపాయమునకు పేటెంటు పొందెను. దానివలన బొగ్గు వాడుక చాల తగ్గినది. 1775లో పార్లమెంటు ప్రత్యేక చట్టముచేసి ఆ పేటెంటును 1800 వఱకు పొడిగించెను. వాటును అతని భాగస్వామి బౌల్టనును గనుల యజమానులతో చేసికొన్న బేరము విచిత్రమైనది. యంత్రపు ముడిసామగ్రి ఖర్చు మీది. మా పేటెంటునకు వేఱుగ వెల లేదు. పాత యంత్రము తినెడి బొగ్గుకంటె మా యంత్రము ఎంత తక్కువ తినునో, ఆ మిగులు వెలలో మూడింట నొక భాగము మాకు ఈయవలెను. ఇది యక్షరాల దశబంధపు బేరమే.

మొదట సంతోషించిన గనుల యజమానులే కొన్ని యేండ్లకు ఆ మూడవ వంతు నీయ లేమని గొణగ నారంభించిరి. పొదుపు కన్నులకు కానరాదు. చెల్లింపు మాత్రము ఏటేట కానవచ్చును. మనుష్య స్వభావమెక్కడైన నిట్టిదే! వ్యాజ్యములు జరిగినవి. 1800లో పేటెంటు గడువు తీరినది. బౌల్టను వాట్ల మనుష్యులు కార్నువాలు విడిచిరి. అప్పుడొక వింత జరిగెను. యంత్రములు బాగుపడుటకు మాఱుగ పాడగుచు వచ్చెను. ఏలయన, ఎంత బొగ్గు తినుచున్నదో కొలిచి చూచువాడు లేడయ్యెను.

1811లో జోయెలు లీను అను గనుల ఇంజనీరు ప్రతి నెలయు ఒక పత్రికను వెలువరింప మొదలిడెను. ఏ గనిలో ఏ యంత్రము ఒక బుషెలు బొగ్గు కాల్చి ఎన్ని పౌనుల నీటిని అడుగెత్తు లేపినదో అందులో పేరుపేరున అచ్చయ్యెడిది. అంతకంటె అందులో మఱేమియు లేదు. సర్కారు సొమ్ములేదు, బహుమానము లేదు, శిక్షయు లేదు. కాని తన యంత్రము పొరుగు గనివాని యంత్రము కంటె నాసియని నెలనెల చదువుకొనుట ఏ ఇంజనీరునకు ఇంపుగ నుండును? ముప్పదియేండ్లలో ఆ సీమ యంత్రముల సగటు పనితనము సుమారు మూడు రెట్లైనది. కొలత యొక్కటే యింత పని చేయగలిగిన యెడల, కొలతకు వాటాయు జోడించిన నెట్లుండునో యూహింపుడు.

ఇపుడు మఱల పెన్నాతీరమునకు వత్తము. హిందూపురము మురారిరావు తన తండ్రి హిందూరావు పేర కట్టించిన ఊరు. బెల్లపు అంగడికి, చింతపండు అంగడికి పేరుపొందినది. బెల్లపు పొయ్యి ఇంధనము విషయమున చాల తెలివైనది. చెఱకు పిప్పియే చెఱకు రసమును మరగించును, బయటినుండి కట్టె రానక్కఱలేదు. కాని హిందూపురమునకు నేడు గల కీర్తి పట్టుగూళ్ళ వలన. అక్కడి గూళ్ళ అంగడి దేశములోని పెద్ద అంగళ్ళలో నొకటి. పట్టణపు ప్రక్కనే కిరికెరలో రాష్ట్రపు పట్టుపరిశోధన సంస్థ కలదు. ఇటు ధర్మవరములో పట్టుచీరలు నేయు మగ్గములు. గూటికిని చీరకును నడుమ రీలరు అను నొక చిన్న పారిశ్రామికు డున్నాడు. ఇంధనము కాలునది అతని పొయ్యిలోనే.

పట్టుగూడు ఒకే పొడవైన పోగుతో అల్లినది. ఆ పోగు వరుసలను ఒక జిగురు పట్టియుంచును. వేడినీటిలో మెత్తబడిన గాని ఆ జిగురు వదలదు. అంతకు ముందే, లోపలి పురుగు సీతాకోకచిలుకయై గూటిని చీల్చుకొని రాకుండ, గూటిని ఆవిరితోనో వేడిగాలితోనో ఎండబెట్టవలెను. అనగా రీలరు వృత్తి మొదటినుండి తుదివఱకు వేడితో కూడినది. పాత చరఖాపై గూళ్ళు ఉడికించుటయు దారము తీయుటయు ఒకే బానలో జరుగును. నీరు మరుగుటకు సమీపముగ నెప్పుడు నుండవలెను. దాని క్రింద కట్టె యెడతెగక మండవలెను. తీయునది తఱచుగ స్త్రీ. దినమంతయు ఆమె వ్రేళ్ళు ఆ వేడినీటిలో, కన్నులు పొగలో నుండును. కాటేజి బేసినులో ఉడికించు పాత్ర వేఱు, తీయు బేసిను వేఱు. మల్టీ ఎండు యంత్రములలోనైన తీయుటకు గోరువెచ్చని నీరే చాలును. పై మెట్టు ఆటోమాటిక్ రీలింగు యంత్రము. మెట్టెక్కిన కొలది దారము మేలగును. వేడి నిలుకడగ నున్నచో దారపు మందము నిలుకడగ నుండును, తెగుట తగ్గును. కాబట్టి ఈ వృత్తిలో కట్టె పొదుపును సరకు నాణ్యమును శత్రువులు గావు; కవలలు.

టాటా ఇంధన పరిశోధన సంస్థ వారు 1990ల దశకమున స్విస్సు ప్రభుత్వ సహాయముతో రీలింగు పొయ్యిలకు కట్టె గ్యాసిఫయరు నొకదానిని రూపొందించి కర్ణాటక రీలింగు కేంద్రములలో నడిపించి చూచిరి. తక్కువ గాలిలో కట్టెను సగము కాల్చి, వచ్చిన గ్యాసును మంటగ వాడుట అందలి యుపాయము. కట్టె ఇంచుమించు సగము మిగిలినది, పొగయు తగ్గినది. ఇంత మేలు జరిగినను అది ప్రతి రీలరు ఇంటికిని పోలేదు. ఆశ్చర్యపడనక్కఱలేదు. రీలరునకు చేతిలో నున్న సొమ్మంతయు రేపటి వేలములో గూళ్ళు కొనుటకు గావలెను. రెండేండ్లలో తిరిగివచ్చు పొదుపుకంటె రేపటి గూళ్ళు అతనికి ముఖ్యము. కొందఱు అద్దె షెడ్డులలో పని చేయుదురు. పొయ్యి షెడ్డు యజమానిది, కట్టె ఖర్చు రీలరుది. పొయ్యి మార్పవలసినవాడు ఒకడు, మార్చినందువలన లాభపడువాడు మఱియొకడు. దశబంధపు కట్ట తెగినది సరిగా ఈ చోటనే యని మనము ఇంతకుముందే చూచితిమి.

1949లో ఏర్పడిన కేంద్ర పట్టు మండలియు, రాష్ట్ర పట్టుపరిశ్రమ శాఖయు రీలర్లకు చేయుచు వచ్చిన సహాయము స్వల్పము గాదు. మల్టీ ఎండు యంత్రములకు, వేడిగాలి డ్రయ్యరులకు, ఆటోమాటిక్ యంత్రములకు వెలలో భాగము కేంద్రము, భాగము రాష్ట్రము భరించి, తక్కినది రీలరు పెట్టుకొను పద్ధతి నడిచినది. ఈ యంత్రములు రానియెడల ఈ సీమ రీలరు మంచి గూళ్ళను మంచి దారముగ తీయలేకుండెడివాడు. కాని ఇది పనిముట్టునకిచ్చిన సొమ్ము. యంత్రము నిలిపినట్లు అధికారి సంతకము పడగానే సహాయపు పని తీరినది. ఎన్ని యంత్రములు పెట్టితిమను లెక్క వచ్చును. ఎన్ని టన్నుల కట్టె మిగిలినదను లెక్క రాదు. బాయిలరు గొట్టములకు చుట్టిన పట్టీ ఊడిపోయి వేడి యంతయు గాలికి పోవుచున్నను సబ్సిడీకి లోటులేదు.

దేశమునందు ఈ విషయమున ప్రభుత్వపు చూపు మాఱినది 1973లో పెట్రోలు ధరలు ఒక్కసారిగ మండిన తరువాత. 1978లో పెట్రోలియం పొదుపునకు ఒక సంఘము ఏర్పడెను. 1980లలో ఇంధనమును ఆదా చేయు యంత్రములు కొన్నవారికి ఆదాయపు పన్నులో తఱుగుదల లెక్కను మొదటి సంవత్సరమే నూటికి నూఱు వేసికొననిచ్చిరి. పిమ్మట అది 80కి, 2017లో 40కి దిగినది. ఇది తెలివైన సాయమే. అయినను, పన్ను కట్టదగినంత ఆదాయము గలవానికే అది సాయము. కొండంత ఫ్యాక్టరీకి కొండంత రాయితీ. ఆదాయపు పన్ను గీతకు దిగువనున్న రీలరునకు సున్న.

2001లో పార్లమెంటు ఇంధన సంరక్షణ చట్టము చేసెను. 2002 మార్చి 1వ తేదీన ఇంధన సామర్థ్య బ్యూరో పుట్టెను. ఆ చట్టము క్రింద 2012లో మొదలైన పథకము మన దశబంధమునకును లీను పత్రికకును మనుమడనదగినది. అల్యూమినియము, సిమెంటు, ఎరువులు, ఇనుము, కాగితము, వస్త్రములు, క్లోర్‌–ఆల్కలి, థర్మల్ విద్యుత్తు అను ఎనిమిది పరిశ్రమలలో 478 కర్మాగారములను ఎన్నుకొనిరి. ఒక్కొక్క దానికి, టన్ను సరకునకు ఇంత ఇంధనము మించరాదని మూడేండ్ల గడువుతో గుఱి పెట్టిరి. గుఱి మించి ఆదా చేసినవానికి, ఆదా యైన ప్రతి టన్ను నూనె వేడికి ఒక్కొక్క పత్రము. గుఱి తప్పినవాడు ఆ పత్రములను కొనవలెను, కొననిచో జరిమానా. పత్రముల బేరము 2017లో విద్యుత్తు ఎక్స్ఛేంజిలలో జరిగినది. 2015లో ముగిసిన మొదటి విడతలో 66 లక్షల 86 వేల టన్నుల నూనెకు సమానమైన ఆదా గుఱి కాగా, 86 లక్షల 70 వేల టన్నుల ఆదా జరిగినది. ఈ దేశమున సర్కారు లక్ష్యములను దాటిన ఫలితములు తఱచుగ వినము గనుక ఈ సంఖ్యను నొక్కి చెప్పుచున్నాను. 2022లో చట్టమును సవరించి, 2023లో దీనిని కర్బన పత్రముల అంగడివైపు నడిపించుట కేర్పాటు చేసిరి.

ఈ పథకములో చేరవలెనన్న వస్త్రపరిశ్రమకు పెట్టిన గీత ఏటికి 3,000 టన్నుల నూనె. ఆ గీత హిందూపురమునుండి ఎంత దూరమో ఒక చిన్న లెక్క వేసి చూతము. ఒక టన్ను నూనె యిచ్చు వేడి రావలెనన్న ఎండుకట్టె రెండున్నర మూడు టన్నులు గావలెను. దినమునకు రెండువందల కిలోల కట్టె కాల్చు ఒక రీలరున్నాడనుకొందము. ఏటికి మూడువందల దినములు పొయ్యి వెలిగించినచో 60 టన్నుల కట్టె. అనగా 20, 24 టన్నుల నూనె. అట్టివారు నూటయిరువదియైదు, నూటయేబది మంది ఒక్కటైన గాని ఆ గీతను తాకరు. తాడిపత్రి సిమెంటు కొలిమికి ఆ తలుపు తెఱచియున్నది. రీలరునకు ఆ తలుపు ఎత్తు. పెద్ద పరిశ్రమకు ఆహ్వానము రెండు విధముల వచ్చును గదా! పెనుకొండ చెంత ఎఱ్ఱమంచి వద్ద కియా కార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందమై, 2019లో కారు వెలుపలికి వచ్చినది. ఏటికి మూడులక్షల కార్ల సామర్థ్యము గల అట్టి సంస్థకు భూమి, పన్నుల రాయితీలు ఇచ్చుటకు మంత్రులే ఎదురేగుదురు. చిన్నవాడు దరఖాస్తు పట్టుకొని తానే రావలెను.

చిన్నవానికి ప్రభుత్వము ఏమియు ఇయ్యలేదని యనరాదు. ఇచ్చినది మూడవ తెఱగు: ఖర్చు తాను మోయుట. 2004 మే నెలలో రాష్ట్రమున వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చెను. మఱుసటి యేట దానికి కొన్ని షరతులు చేర్చిరి. కెపాసిటరు పెట్టవలెను, ముద్ర గల పంపుసెట్టు వాడవలెను, మంచి ఫుట్‌వాల్వును గొట్టమును అమర్చవలెను. ఆలోచన బాగుగనే యున్నది. కాని అన్ని బోరుల కడను షరతు నెరవేరినదా యని చూచువాడెవడు? మీటరు లేని చోట షరతు నిలువదు. 2025లో రాష్ట్ర ప్రభుత్వము చేనేత మగ్గముల ఇండ్లకు నెలకు 200 యూనిట్లు, మరమగ్గములకు 500 యూనిట్లు ఉచితముగ నిచ్చెదమని ప్రకటించెను. ధర్మవరపు నేతగాని బాధ నెఱిగినవాడెవడును దీనిని తప్పుపట్టడు. అప్పులతో నలిగిన యింటికి బిల్లు తగ్గుట బ్రతుకు. కాని దీనిని ఇంధన పొదుపునకు ప్రోత్సాహమని పిలువరాదు. పాత మోటారు తీసి మేలైన మోటారు పెట్టినవానికి నెలకు 80 యూనిట్లు మిగిలినవనుకొందము. 500 లోపల ఆ 80 యూనిట్ల వెల అతనికి సున్న. ఆ 80 యూనిట్లలో సగము వెలనైన అతని చేతికి తిరిగి యిచ్చు విధము ఉండినచో సర్కారునకును సగము మిగిలియుండెడిది.

చిన్న పరిశ్రమల గుంపులను గూర్చి బ్యూరోవారు వేఱొక ప్రయత్నము చేసిరి. ఒక ఊరిలో ఒకే వృత్తి చేయువారి నందఱను ఒక్కటిగ తీసికొని, వారి పొయ్యిలు, మోటారులు పరీక్షించి, ఏ మార్పునకు ఎంత ఖర్చు, ఎంత ఆదా యని పుస్తకము వ్రాసి యిచ్చుట. తెలుగు దేశమున భీమవరపు మంచుగడ్డల ఫ్యాక్టరీలు, వరంగల్లు బియ్యపు మిల్లులు, తూర్పుగోదావరి రిఫ్రాక్టరీ బట్టీలు అట్లు పరీక్షింపబడినవి. పుస్తకములు మంచివే, కాని పుస్తకము చదివిన మంచుఫ్యాక్టరీ యజమానికి బ్యాంకు అప్పు వేఱుగ పుట్టవలసివచ్చెను.

ఆ లోటు తీర్చుటకు 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వము వేయి కోట్ల రూపాయలతో అదీతి అను పథకమును మొదలిడెను. పదునాలుగు రకముల పరిశ్రమలలో సూక్ష్మ, చిన్న సంస్థలకు అప్పుమీది వడ్డీలో నూటికి అయిదు, మధ్యతరగతి సంస్థలకు మూడు ప్రభుత్వము భరించును. షరతు ఒకటి: మార్పు వలన ఇంధనము పదింట నొక భాగమైన తగ్గవలెను, ముందు తనిఖీ, పిమ్మట కొలత. ఆ పదింట నొకటి యను మాట వినగానే దశబంధము జ్ఞప్తికి వచ్చుట సహజము, కాని సంఖ్య కలిసినది యాదృచ్ఛికము. కలిసిన యసలు విషయము వేఱు: సొమ్ము ఫలితమునకు ముడిపడినది.

ఇప్పుడు హిందూపురపు రీలరు ఈ పదింట నొకటిని ఎట్లు నిరూపించును? మన యుదాహరణపు రీలరునకు అది ఏటికి ఆఱు టన్నుల కట్టె. అతని పద్దులో గూళ్ళు కిలోలలో నుండును, దారము గ్రాములతో సహా ఉండును, కట్టె మాత్రము ఇన్ని లోడులని యుండును. లోడు ఎంతయో బండివాని నడుగవలెను. తూకము లేని కట్టెకు ఆఱు టన్నుల పొదుపు చూపుట ఎవని తరము? గూళ్ళ అంగడిలో లైసెన్సు గల రీలరు ఏ దినమున ఎన్ని కిలోలు కొన్నాడో పట్టుపరిశ్రమ శాఖవారి పద్దులో ఇదివఱకే చేరుచున్నది. ఆ పద్దులో కిలో దారమునకు ఎన్ని కిలోల కట్టె కాలినదను మఱియొక గడి చేర్చుటయు, అంగడి ఆవరణమున కట్టెబండ్లు తూచుటకొక కాటా పెట్టుటయు, నెల కడపట రీలర్లందఱ లెక్కయు అంగడి గోడమీద అంటించుటయు పెద్ద ఖర్చుగల పనులు గావు. పథకపు గడువు 2027–28తో తీరును. ఒక యేటి తూకపు లెక్క చేతిలో నున్న రీలర్ల సంఘము ఈ లోపల బ్యాంకునకు పోయినచో, మేనేజరు మొదట అడుగు ప్రశ్నకు దానియొద్ద జవాబుండును.